నిరుడు కప్పిన శాలువా

ఆదివారం, రాత్రి

మొయినాబాద్ పరుగుపందెంలో ఈసారి నేనే ముందొచ్చాను. నిరుడు అందరికన్నా వెనక వచ్చినప్పుడు, పందెం పెట్టించే పటేలు నాకు శాలువా కప్పాడు. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. ఇవాళ అదే పటేలు వంగి నా పెట్టుడు కాలును, ఆ పరుగు బ్లేడును, వేలితో నొక్కి చూశాడు.

"గిదేందో స్ప్రింగు లెక్క ఉన్నది బిడ్డా. కాళ్లున్న పిల్లలకు అన్యాయమైతలేదా?"

కప్పు ఎవరికో రేపు చెప్తారట.

బస్సులో మా ఊరు ఆలూరు వచ్చి కాలు విప్పితే, మోకాలి కింద తోలు కమిలిపోయి ఉంది. అమ్మ కొబ్బరినూనె రాస్తూ మెల్లగా అడిగింది.

"నిజంగనే గదే ఉరికిస్తదా బిడ్డా?"

కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. పుట్టినప్పటి నుంచీ నాకు ఆ కాలు లేదు. రెండు కాళ్లతో ఎంత ఉరికేదాన్నో నాకు మాత్రం ఏం తెలుసు?