సల్కా తిండి మానేసింది

నువాక్షోత్, మౌరిటానియా

అమ్మా,

చిన్నప్పుడు నువ్వు నాకు గిన్నె తర్వాత గిన్నె ఒంటెపాలు పట్టించేదానివి. వద్దంటే కాలివేళ్లు నులిమి, "ఆడదంటే నిండుగా ఉండాలి. బక్కదాన్ని ఎవడు చేసుకుంటాడే?" అనేదానివి. అందుకే నా కూతురు సల్కాను నీ దగ్గర ఒంటరిగా ఎన్నడూ వదల్లేదు.

ఇప్పుడు ఆ పిల్ల ఫోనులో సన్నటి అమ్మాయిలను చూసి తిండి మానేసింది. నిన్న బడిలో కళ్లు తిరిగి పడిపోయింది. "రెండు ముద్దలు తినవే తల్లీ" అంటే, "లావైతే అందరూ నవ్వుతారమ్మా" అంది. ఒళ్లో పడుకోబెట్టుకుంటే ఈకలా ఉంది. నిద్రలో మాత్రం నవ్వుతూ నీ ఒంటెలను పేరుపేరునా పిలిచింది.

శుక్రవారం తీసుకొస్తున్నాను. ఇసుక తిన్నెల మీద వెలుగు మెల్లగా తేనెరంగుకు తిరిగే వేళ నీ గుడారం ముందు ముగ్గురం కూర్చుందాం. ఆకలేస్తోందని అది తనంతట తాను అనేదాకా తిండి గురించి నువ్వూ నేనూ నోరు మెదపొద్దు.

నీ కూతురు