మోటారు రంపం తాడు

బీరంగూడ, మే 1974, శనివారం రాత్రి

ఇది రాస్తుంటే అక్షరాలు వంకరపోతున్నాయి.

మా కంపెనీ కొత్త షెడ్డు కట్టే స్థలంలో చెట్లు కొట్టడానికి తెప్పించిన మోటారు రంపాన్ని బాగుచేద్దామని సాయంత్రం ఇంటికి తెచ్చాను. ఇంజను స్టార్టు చేయడానికి లాగిన తాడు వెనక్కి పోవడం లేదు. వరండాలో కూర్చుని మూత విప్పితే, స్ప్రింగు చుట్టూ నూనెలో నానిన రంపపు పొట్టు గడ్డకట్టి ఉంది. అంతా గోకి పారేశాను. తాడు చక్కగా వెనక్కి చుట్టుకుంది. ఆ సంబరంలో, ఇంజను ఆగిపోకూడదని ఆక్సిలరేటరును తీగతో బిగించి కట్టి మరీ తాడు లాగాను.

ఒక్క లాగుకే స్టార్టయింది. రంపం నేల మీంచి ఎగిరి, పక్కనే ఉన్న ఇంటి ఓనరు మల్లమ్మ నులక మంచం కోడును తెగ్గోసింది. స్విచ్చి ఎలా ఆపానో గుర్తులేదు.

అప్పటిదాకా మల్లమ్మ ఆ కోడుకే కాలు ఆనించి కూర్చుని ఉంది. నేను తాడు లాగే ముందే నాకు చాయ్ తేవడానికని లోపలికి వెళ్ళింది. గ్లాసుతో గుమ్మంలో నిలబడి, తెగిన కోడునూ తన కాలినీ మార్చి మార్చి చూసుకుంది.

"సారూ, చాయ్ వద్దంటివి. నేనే ఇనకపోతిని," అంది.

అవును, మొహమాటానికి వద్దన్నాను. కూర్చోమని కూడా అన్నాను. ఆమె నా మాట విని ఉంటే...