గుండె ఫొటో

విజయనగరం, ఆస్పత్రి వరండా నుంచి

మండల విద్యాధికారి గారికి,

హెడ్మాస్టరు నరసింగరావు గారి మేనల్లుణ్ణి. మా మావ బడిలో పాఠాలతోపాటు మరుగుదొడ్ల ఫొటోలు, మధ్యాహ్న భోజనం ఫొటోలు పంపే పని కూడా ఆయనదే. నిన్న తరగతిలోనే గుండెపోటుతో పడిపోయారు. విశ్రాంతి శ్రామికుడి హక్కని నేను కరపత్రాల్లో చదివాను. మావ చదవలేదు.

ఈవేళ కూడా మీ ఆఫీసువాళ్లు మావ ఫోనుకి మెసేజి పెట్టి భోజనం ఫొటో అడిగారు. నాకు ఒళ్లు మండి, డాక్టరు తీసిన మావ గుండె ఫొటో పంపాను. "గుడ్లు స్పష్టంగా లేవు, మళ్లీ పంపండి" అని జవాబొచ్చింది.

నేనది పైకి చదివితే విని మావ మంచం దిగబోయారు. "ఒరే, నా సెప్పులేవిరా? పిల్లలు గుడ్లు తినేస్తే ఇంక ఫొటో ఏటి తీస్తాను?"

చెప్పులు నా సంచిలో ఉన్నాయి. మీరు సెలవు మంజూరు చేసేదాకా బయటికి తియ్యను.