ప్రతిసారీ షేక్ చేయాలి

జమ్మలమడుగు, సోమవారం

ప్రొద్దుటూరు కంటి ఆసుపత్రి నర్సు కెరోలిన్ గారికి అఖ్తర్ బీ సలాములు.

మా మనవరాలు తహసీన్ మెల్లకన్నుకు శుక్రవారం ఆపరేషన్ అయింది కదా, దాని గురించే ఈ ఉత్తరం. మీరు ఫోనులో చెబితే నా చెవికి అందదు. అందుకే రాసి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. వాపు తగ్గే చుక్కలమందు చీటీలో మీరిలా రాశారు: "రోజుకు నాలుగుసార్లు. ప్రతిసారీ షేక్ చేయాలి." ఇంట్లో నేనూ, తల్లిలేని ఆ ఆరేళ్ల పిల్లా తప్ప ఎవరూ లేరు. పిల్ల తండ్రి కువైట్‌లో ఉన్నాడు. పక్కింటి ఖలందర్ షేక్ చేస్తే చాలునా, సొంతమనిషే చేయాలా?

జవాబుకోసం బస్టాండు వైపు చూస్తూ,
అఖ్తర్ బీ

తా.క.: కన్ను తిన్నగా కావాలి సిస్టర్. బడిలో దీన్ని "యాడ చూస్తాండావే?" అని ఏడిపిస్తారు.

ప్రొద్దుటూరు, మంగళవారం

అఖ్తర్ బీ గారికి వందనాలు.

చుక్కలు ఒక్కపూట కూడా తప్పకూడదు. తప్పితే వాపు ముదిరి కన్ను మళ్లీ పక్కకు లాగవచ్చు. పక్కింటాయన షేక్ చేస్తే చాలు, సొంతమనిషే కానక్కర్లేదు. కానీ షేక్ చేయకుండా ఒక్క చుక్క కూడా వేయొద్దు.

పాపను అడిగానని చెప్పండి,
కెరోలిన్

తా.క.: షేక్ గట్టిగా చేయాలి సుమా. నీరసంగా చేస్తే మందంతా అడుగునే ఉండిపోతుంది.

జమ్మలమడుగు, శుక్రవారం

కెరోలిన్ గారికి సలాములు.

ఖలందర్ పులివెందుల నుంచి అరటిగెలల లారీ తోలతాడు. ఇన్ని రోజుల్లో రెండుసార్లే దొరికాడు. నిన్న, "బండి తోలేదా, నీ పిల్ల కంట్లో మందేసేదా అక్కా? ఇంగెవరినన్నా చూసుకో" అనేశాడు. అతను దొరకని పూటల్లో మీ మాట ప్రకారం ఒక్క చుక్క కూడా వేయలేదు. రెప్పలు వాచి పొద్దున కన్ను తెరుచుకోవడం లేదు. నాకు భయంగా ఉంది.

దిక్కుతోచని,
అఖ్తర్ బీ

తా.క.: ఖలందర్ బక్కమనిషి, పైగా దగ్గు. మీరేమో గట్టిగా అన్నారు.

ప్రొద్దుటూరు, శనివారం

అఖ్తర్ బీ గారికి వందనాలు.

ఎంత పని చేశారమ్మా! ఖలందర్ లేకపోతే ఇంకెవరూ షేక్ చేయలేరా? చిన్నపిల్లలైనా చేయగలరు. ఇంత చిన్న పనికి నాలుగు రోజులు పోగొట్టారు. ఈరోజే మొదలుపెట్టండి. సోమవారానికి తగ్గకపోతే పాపను తీసుకురండి.

కోపం ఆపుకుంటూ,
కెరోలిన్

జమ్మలమడుగు, సోమవారం

కెరోలిన్ గారికి,

ఇంకెవరైనా అని తేలిగ్గా రాశారు. మా వీధిలో మిగిలినవాళ్లంతా సయ్యదులు. మేం పఠాన్లం. తల్లి పోయిన రోజు నుంచి ఈ పిల్లకు ముద్ద కలిపి పెట్టిన చెయ్యి, కంట్లో చుక్క వేయడానికి పనికిరాదని మీ చీటీ చెప్పింది. ఆ మాట నాకు చాలా కష్టంగా ఉంది. అయినా నా కష్టం కన్నా పిల్ల కన్ను ముఖ్యం. కన్ను ఇంకా వాచే ఉంది. అందుకే కువైట్‌లో ఉన్న అల్లుడు షేక్ అబ్రార్‌కు కబురంపాను. చుక్కలు వేయడానికి అక్కడ పని మానేసి బయల్దేరుతున్నాడు.

పఠాన్ అఖ్తర్ బీ

తా.క.: ఆసుపత్రిలో రెండు రోజులూ మీరే వేశారు. కెరోలిన్ అని పేరు పెట్టుకుని మీరు షేక్ ఎప్పుడయ్యారు?

ప్రొద్దుటూరు, సోమవారం సాయంత్రం

అమ్మా,

షేక్ అంటే మనిషి కాదు. సీసాను కుదపడం! అది ఇంగ్లీషు మాట. రోజుకు యాభై చీట్లు రాస్తాను, "కుదపాలి" అని తెలుగులో రాయాలని ఒక్కనాడూ తోచలేదు. తప్పు పూర్తిగా నాదే. ఇది అందగానే సీసా కుదిపి మీ చేత్తోనే వేయండి. రేపు తొలి బస్సుకు పాపను తీసుకురండి.

క్షమించమని అడిగే ముఖం కూడా లేని,
కెరోలిన్

తా.క.: మీ అల్లుడిగారిని ఆపగలరేమో చూడండి.

జమ్మలమడుగు, ఆదివారం

అమ్మా కెరోలిన్‌కు దీవెనలు.

అల్లుడు ఆగలేదు. దిగాడు, అక్కడ పని పోయింది. మంగళవారం పిల్లను చూసి డాక్టరు గారు అన్నట్టే కన్ను మళ్లీ ముక్కువైపు తిరిగిపోతోంది. ఆరునెలలు ఆగి రెండో ఆపరేషన్‌కు ఒప్పుకున్నాం. ఆ రోజు ఆసుపత్రిలో నువ్వు గోడవైపు తిరిగి ఏడుస్తుంటే నా కోపం పోయింది.

ఖలందర్ రెండుసార్లే వేస్తే సీసా సగం ఎలా ఖాళీ అయిందని డాక్టరు గారు అడిగారు కదా? నిన్న తెలిసింది. చిన్నపిల్లలైనా షేక్ చేయగలరని నువ్వు రాసింది నేను పైకే చదివాను. "నేనూ షేక్ తహసీన్‌నే గదా నానీ, అందుకే నేనే ఏసుకున్యా" అంది. మరి కన్ను ఇట్లెందుకయిందే అన్నాను. "ఆ కన్ను శానా మండుతాండె. అందుకే బాగుండే కంట్లో ఏసుకున్యా." నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. దాన్ని ఒళ్లో వేసుకుని చాలాసేపు ఏడ్చాను.

నీ మీద కోపం లేని,
అఖ్తర్ బీ

తా.క.: చుక్కలు ఇంకా వేయాలి కదా. కువైట్ నుంచి అందుకోసమే వచ్చిన అబ్రార్, ఆ కన్ను చూస్తే తనే కళ్లు మూసుకుంటాడు. అందుకని నేనే వేస్తున్నాను. సీసాను పనిగట్టుకుని కుదిపే అవసరం రావడం లేదమ్మా. పిల్ల కన్ను తెరవగానే నా చెయ్యి దానంతటదే వణుకుతోంది.