తెల్లబడ్డ ఎర్రరాళ్ళు

కాబూలు, విజయ మండపం పనిచోటు నుండి.

గవర్నరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: యుద్ధంలో దెబ్బతిన్న విజయ మండపం పునరుద్ధరణ – మందుపాతరల గుర్తులకు సున్నం కొట్టించుట – రేపటి బాలికల కవాతు నిలుపుదల కోరుట గురించి.

సదరు మండపం మరమ్మతులకు పర్యవేక్షక ఇంజనీరునైన సఖీదాద్ సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. మందుపాతరలు తీసేవాళ్ళు మండపం ముందరి తోటలో, తీసిన మేరకు తెల్లరాళ్ళు, తీయని మేరకు ఎర్రరాళ్ళు పేర్చి వెళ్ళిన సంగతి తమకు విదితమే. ఈ ఊళ్ళో నడక రాని పిల్లకైనా ఆ రంగులు తెలుసు.

2. స్వాతంత్ర్య దినోత్సవానికి తమరు విచ్చేయుచున్నందున ఆవరణ యావత్తు తెల్లగా ఉండవలెనని తమ డిప్యూటీ కరీమీ గారు ఆజ్ఞాపించిరి. నేనూ మేస్త్రీ ఉస్తాద్ యార్ మొహమ్మదూ పలకల కోసం హెరాత్ వెళ్ళియున్న సమయమున కూలీలచే గోడలతోపాటు ఎర్రరాళ్ళకు కూడా సున్నం కొట్టించిరి. కూలీలు అడ్డు చెబితే, "పండగపూట ఆ ఎరుపేంట్రా, చెప్పింది చెయ్యండి" అన్నారట.

3. నేడు మేమిద్దరం తిరిగి వచ్చితిమి. మధ్యాహ్నం నమాజుకు ముందు ఉస్తాద్ కాళ్ళు కడుగుకొనుటకు తోటలోని కాలువ వైపు బయలుదేరెను. "అటెందుకు ఉస్తాద్?" అన్నాను. "తెల్లరాళ్ళే కదా సాబ్, మనం లేనప్పుడు తీసేసినట్టున్నారు" అని నవ్వాడు. తరువాతి అడుగులో రెండు కాళ్ళూ పోయాయి. ఒక కాలు చెప్పుతో సహా వచ్చి కొత్తగా పూసిన గోడకు కొట్టుకుంది. ఆయన అడుగుల్లోనే అడుగేసుకుంటూ వెళ్ళి ఈడ్చుకొచ్చాను. నమాజుకి ముఖం కడగమన్నాడు. కడుగుతుండగానే పోయాడు. అధికార భాషలో రాయలేకున్నాను, మన్నించాలి.

4. గోడ మీది రక్తం చూసి డిప్యూటీగారు సెలవిచ్చినది: "దాని మీద కూడా ఒక పూత వేయించండి."

5. రేపు బడిపిల్లలు జెండాలతో అదే తోటగుండా నడవవలెనని ఏర్పాటు. ముందు వరుసలో నా కూతురు జర్మీనా. ఆపమని డిప్యూటీగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. "భయమైతే నీ పిల్లని ఇంట్లో ఉంచుకోవయ్యా" అన్నారు. మిగిలిన పిల్లలను ఎవరూ కనలేదా?

కావున కవాతు నిలిపి, మందుపాతరల వాళ్ళను తక్షణం పంపవలెనని ప్రార్థన. ఏ రాయి ఏదో ఇప్పుడు ఎవరికీ తెలియదు. పొద్దు పొడవకముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సఖీదాద్

తా.క.: ఉస్తాద్ పడినచోట రాళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి. వాటి మీదికి సున్నం బక్కెట్టుతో వచ్చినవాడి చెంప పగలగొట్టాను. శిక్షించదలిస్తే శిక్షించండి. ఉత్తర్వు రాకపోతే పిల్లలకంటే ముందు తోటలో నేను నడుస్తాను. ముందు వరుస ఆగితే వెనకవాళ్ళు ఆగుతారు. నాన్న పడినచోట ఆగిపొమ్మని జర్మీనాకు చెప్పి ఉంచాను.