ఉప్పు తగిలిన బోరు

ప్రియమైన సలోమి అక్కకు, బావగారికి,

ప్రభువు కాపుదలలో మీరంతా క్షేమంగా ఉన్నారని నమ్ముతూ తమ్ముడు దానియేలు చేసే వందనాలు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నది ఏడవకుండా బడికి వెళ్తోందా? నేను బాగానే ఉన్నాను. అన్నం వండుకుంటున్నాను, నువ్వు పంపిన గోంగూర పచ్చడి ఇంకా కాస్త మిగిలింది. కంగారుపడకు, నిజంగా బాగానే ఉన్నాను. ఫోనులో చెప్పలేకపోతున్నాను, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ స్వీడన్‌లో బోరు వేసేది నీళ్ల కోసం కాదక్కా, వేడి కోసం! మొదటి రోజు ఆ మాట విని నోరు వెళ్లబెట్టాను. మధ్యాహ్నం మూడింటికే చీకటి, ఊపిరి వదిలితే మీసం మీద మంచు. అలాంటి చోట ఆరు వందల అడుగులు రాయి తొలిచి, ప్లాస్టిక్ పైపు అడుగుదాకా దింపి మళ్లీ పైకి తెస్తారు. గడ్డకట్టని ద్రవం అందులో తిరుగుతూ భూమిలోని వెచ్చదనాన్ని పైకి మోసుకొస్తుంది. ఇంట్లో ఫ్రిజ్జంత మెషీను దాన్ని ఇంకా వేడెక్కించి గదులకు పంపుతుంది. ఎండాకాలం అదే పైపుతో ఇల్లు చల్లబడుతుందట. పొయ్యి లేదు, పొగ లేదు. బావగారు నమ్మరు, నేనే నమ్మలేదు.

నరసాపురం వైపు బావగారి వెంట బోర్లు వేసిన రోజులు నీకు తెలుసుగా. నీళ్లు పడగానే నాలుక మీద వేసుకుని చూడడం, తియ్యగా ఉంటే అక్కడే ఆపెయ్యడం. ఇంకాస్త దిగితే ఉప్పు తగులుతుందని భయం. ఆ అలవాటు నన్ను వదల్లేదు.

పోయిన నెల ఒక మామ్మగారి ఇంటి దగ్గర బోరు మొదలుపెట్టాం. ఒంటరి మనిషి. పెరట్లో పాత బావి, తాగేది ఆ నీళ్లే. రెండు వందల అడుగుల దగ్గర నీళ్లు చిమ్మాయి. దోసిట పట్టి నోట్లో పోసుకున్నాను. తియ్యగా ఉన్నాయి! "మంచినీళ్లండి! ఆపండి, ఆపండి!" అని తెలుగులోనే అరిచి ఎర్ర బటన్ నొక్కేశాను. కంప్రెసర్ గాలి ఆగిపోయింది. పైకి రావలసిన రాతి పొడి అంతా జారి, అడుగున రాయిని కొట్టే సుత్తి చుట్టూ బిగుసుకుంది. దాన్ని విడిపించడానికి రెండు రోజులు పట్టింది. మా మేస్త్రి ముఖం చూడలేకపోయాను.

"నీ పని రాడ్లు అందించడం. నోరు మూసుకుని అందించు. ఇంకోసారి ఆపితే నేరుగా మీ ఊరికే" అన్నాడు. ఇక్కడ ఉండడానికి నా పర్మిట్ ఆ ఉద్యోగం మీదే ఉందని నీకు తెలుసు.

మూసుకున్నాను. అయిదు వందల అడుగులు దాటాక తుంపర ఒకటి పెదవి మీద పడింది. ఉప్పు! ఇంత రాతి కింద సముద్రపు ఉప్పేమిటి? బావి పాతిక అడుగుల దూరంలోనే ఉంది, ఈ ఉప్పు బోరులో పైకెక్కితే రాతి పగుళ్లలోంచి దానిలోకి చేరుతుంది. అరవబోయాను, ఉద్యోగం గుర్తొచ్చింది. ఇంకో రాడ్డు అందించాను. తర్వాత ఇంకొకటి.

పది రోజులకి మెషీను బిగించడానికి వెళ్లాం. సాయంత్రానికి ఇల్లంతా వెచ్చబడింది. మామ్మగారు సంబరంగా కాఫీ ఇచ్చారు. ఒక గుక్క తాగానో లేదో నాలుకకు ఉప్పు తగిలింది. "పంచదార అనుకుని ఉప్పు వేశానేమో, ముసలిదాన్ని కదా" అని ఆవిడ నవ్వారు. మేస్త్రి బావి నుంచి వచ్చే కుళాయి నీళ్లు చప్పరించి పాలిపోయాడు.

నేనింక ఉండలేకపోయాను. "నాకు ముందే తెలుసండి" అన్నాను.

"మరెందుకు చెప్పలేదు?"

"మీరు నోరు మూసుకోమన్నారు కదండి."

ఆయన కుళాయి కట్టేశాడు. "ఇకనుంచి నువ్వు ఆపమంటే ఆపుతాను" అన్నాడు. బోరు అడుగు భాగం పూడ్చి, ఉప్పు పైకి రాకుండా చేస్తానని ఆవిడకు మాటిచ్చాడు. బావి ఎప్పటికి బాగవుతుందో మాత్రం ఆయనకూ తెలియదు.

నా ఉద్యోగం నిలిచిందక్కా. నువ్వు సంతోషిస్తావని తెలుసు. నాకే సంతోషం లేదు. నేను చేసినదాన్ని ఇప్పటికీ నమ్మలేకుండా ఉన్నాను. నిన్న ఆ దారిన పోతూ చూశాను. మామ్మగారు రెండు క్యాన్లు తోపుడు బండి మీద పెట్టుకుని మంచులో పక్కింటికి నీళ్లకు వెళ్తున్నారు. నేను వెళ్లి బండి తోశాను. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

బావగారిని అడిగి రాయి: ఉప్పు ఎక్కిన నీళ్లు మళ్లీ తియ్యగా మారడం ఆయన ఎప్పుడైనా చూశారా? ఎన్నాళ్లు పట్టింది? పాస్టరుగారికి, వీధిలో పెద్దవాళ్లందరికీ నా వందనాలు. చిన్నదానికి ముద్దులు. మీ దీవెనలు నాకు కావాలి. ఆదివారం ప్రార్థనలో నా పేరు చెప్పేటప్పుడు, ఆవిడ బావిని కూడా తలచుకోండి.

మీ తమ్ముడు,
దానియేలు