నాలుగో లక్ష్యం

జనవరి 3

బ్యాండ్‌కి దండం పెట్టేసి వచ్చాను. పదకొండేళ్లు ఎవరి పార్టీల్లోనో ఎవరివో పాటలు వాయించాను, అదీ డ్రమ్స్ పక్కనే గిటార్ పట్టుకు నిలబడి. ఇక నా పాట నాదే. బీరువా తలుపుకి లక్ష్యాల కాగితం అంటించాను. ఒకటి: జూన్‌లోగా పది పాటల ఆల్బమ్. రెండు: రాయడం, పాడటం, రికార్డింగ్, మిక్స్ అన్నీ నేనే. మూడు: చచ్చినా మళ్లీ బ్యాండ్‌కి వెళ్లకపోవడం. నాలుగు: రిలీజయ్యేదాకా ఎవరికీ వినిపించకపోవడం. నలుగురి మాటా విని నవ్వులపాలైన పాటలు చాలా చూశాను.

అక్క ఆ కాగితం చదివి ఆరంభశూరత్వం అంది. నలభై రెండేళ్లకి ఆరంభమైనా ఉన్నందుకు సంతోషించమన్నాను.

ఫిబ్రవరి 20

మూడు పాటలయ్యాయి. వెనక గది కిటికీకి దుప్పట్లు కట్టాను. పొద్దస్తమానం చెవులకి హెడ్‌ఫోన్స్. డ్రమ్మర్ ఫోన్ చేశాడు. ఒక్క పాట పంపరా, విని చెప్తాను అన్నాడు. నాలుగో లక్ష్యం చదివి వినిపించాను. నీ ఖర్మ అని పెట్టేశాడు.

మార్చి 9, ఉదయం 11

అక్క పోరు పడలేక తనతో వినికిడి పరీక్షకి వెళ్లొచ్చాను. నాతో మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు పోతోందట. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఇక తన వల్ల కాదట.

అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడగానే బటన్ నొక్కమంది టెక్నీషియన్. శబ్దాలు మెషీనే పంపుతుంది. మొదట్లో అన్నీ వినపడ్డాయి. తర్వాత సన్నటివి మొదలయ్యాయి కాబోలు, ఏమీ వినపడలేదు. కానీ అప్పటికే నాకు లయ దొరికిపోయింది. నాలుగు లెక్కపెడితే ఒకటి వస్తోంది. కాలితో తాళం వేసుకుంటూ నొక్కుకుంటూ పోయాను. ఒక్కటీ తప్పలేదు. మీ చెవులు బంగారమండీ అంది.

దారి పొడుగునా అక్కని ఏడిపించాను.

మార్చి 10

ఎవరిని మోసం చేశాను?

మే 4

తొమ్మిది పాటలయ్యాయి. కంప్యూటర్ డ్రమ్స్‌లో సింబల్స్ మోత గుడ్డ కప్పినట్టు మందంగా ఉంటే, సన్నటి శబ్దాలు తేలేలా ట్రెబుల్ పెంచాను. నిన్నా పెంచాను. ఇప్పుడు మెరుపొచ్చింది. కాకి పిల్ల కాకికి ముద్దే, కాదనను. అయినా ఇది నిజంగా బాగుంది. వింటూ ఏడ్చాను కూడా.

జూన్ 12, ఉదయం 9

రిలీజ్.

జూన్ 12, మధ్యాహ్నం 3

డ్రమ్మర్ మెసేజ్. పాట వెనకాల ఆ ఈల ఏంట్రా అని. ముక్కూ మొహం తెలియని ఇంకొకరు, రెండు నిమిషాలకే తలనొప్పి వచ్చిందని రాశారు. పదిసార్లు విన్నాను. ఏ ఈలా లేదు. ఓర్వలేనితనం.

జూన్ 13

కోపంగా అక్క చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టాను. వెంటనే లాగేసింది. ఈల ఉందంది. ఏ పాటలో అంటే, ఒకదాని తర్వాత ఒకటి విని, అన్నిట్లోనూ అంది. తర్వాత లేచి గదంతా తిరిగి లాప్‌టాప్ చార్జర్ దగ్గర ఆగింది. ఇదేరా, జనవరి నుంచీ కూస్తూనే ఉంది కదా, నీ పనికి కావాలేమో అనుకున్నాను అంది.

చార్జర్‌కి చెవి ఆనించాను. వెచ్చగా ఉంది. అంతే.

దాని కూతని పది పాటల్లో పట్టి, ట్రెబుల్ పెంచి మరీ జనం చెవుల్లో పోశాను. ఫిబ్రవరిలో డ్రమ్మర్‌కి ఒక్క పాట పంపి ఉంటే సరిపోయేది.

జూన్ 17

మళ్లీ అదే అద్దాల గది. తాళం సంగతి టెక్నీషియన్‌కి చెప్పేశాను. తిట్టలేదు. ఈసారి మెషీన్‌ని నమ్మకుండా శబ్దాలు తనే పంపింది, ఒకసారి వెంటనే, ఒకసారి చాలాసేపు ఆగి. బటన్ మీద వేలు పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. కాగితం మీద నా వినికిడి గీత కొంతదూరం తిన్నగా వెళ్లి మెట్లు దిగినట్టు దిగిపోయింది. పోయింది తిరిగి రాదంది. పదకొండేళ్ల డ్రమ్స్, ఆపైన ఈ ఆరు నెలల హెడ్‌ఫోన్స్. ఉన్నదైనా మిగలాలంటే అవి పక్కన పెట్టమంది.

మామూలుగా అయితే ఇలాంటి అవకాశం అక్క వదలదు. ఈసారి ఇంటికి వచ్చేదాకా నా చెయ్యి పట్టుకుని నడిచింది. నాకు భయం వేసింది.

జూన్ 25

ఆల్బమ్ తీసేశాను. బీరువా తలుపు మీద నాలుగోది కొట్టేసి, ప్రతి పాటా ముందు అక్కకి వినిపించాలి అని రాశాను. మూడోదాని జోలికి పోలేదు. బ్యాండ్‌లో నా చోటికి ఎవరో కుర్రాడొచ్చాడట, బాగా వాయిస్తాడట.

జూలై 19

కొత్త చార్జర్. మొదటి పాట మళ్లీ రికార్డ్ చేశాను. స్పీకర్లో పెట్టి, ఈల వినపడితే వేలెత్తమని అక్కకి చెప్పాను. పాట అయిపోయేదాకా వేలు లేవలేదు. సంతోషం పట్టలేక తిరిగి చూశాను. కుడిచేతి చూపుడువేలిని ఎడమచేత్తో ఒళ్లో అదిమి పట్టుకుని కూర్చుని ఉంది.